పెద్ద ఏటి దగ్గర మహేలా అవ్వ చెప్పనిది

షెల్బీ కథ చెబుతుండగా మధ్యలో లమ్సీ ఊఁ కొట్టడం మానేశాడు.

ఆ పిల్ల గమనించలేదు. కళ్ళు మూసుకుని చెప్పుకుపోతోంది. పిల్లలకు మా భాష నేర్పే భాష ఇంట్లో పొయ్యి పక్కన మా మూడు కుర్చీలే మిగిలాయి. చిన్నపిల్లలు మధ్యాహ్నమే మొక్కజొన్న జావ తాగి ఇళ్ళకు వెళ్ళిపోయారు. లమ్సీ రెండు చేతులతో కప్పు పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. పెదవులు కదలడం లేదు.

మా ఇళ్ళలో కథ విన్నంత మాత్రాన విన్నవాళ్ళది అయిపోదు. ఆ కథే తెలిసిన ఇంకొక పెద్దమనిషి ముందు దాన్ని తిరిగి చెప్పాలి. ఆ పెద్దమనిషి మాట మాటకీ ఊఁ కొడుతూ వింటాడు. ఎక్కడైనా తేడా వస్తే దిద్దడు, కసరడు. ఊఁ మానేస్తాడు, అంతే. దారి ఎక్కడ తప్పారో చెప్పేవాళ్ళే వెనక్కి వెళ్ళి వెతుక్కోవాలి.

షెల్బీకి పదహారేళ్ళు. డిసెంబరు నుంచి రోజూ బడి అయ్యాక వాళ్ళ నాన్న పాత పికప్ బండి వేసుకుని సపుల్పా వచ్చి, నా దగ్గర మహేలా అవ్వ కథ నేర్చుకుంది. మహేలా మా అమ్మకు అమ్మ. ఆ కథ మహేలా అవ్వకు వాళ్ళ అవ్వ ఇచ్చింది. తూర్పున మా పాత ఊళ్ళ నుంచి సైనికులు మా యూచీ తెగవాళ్ళను తోలుకొచ్చినప్పుడు ఆ దారంతా నడిచిన మనిషి ఆవిడ. అప్పటికి పదకొండేళ్ళ పిల్ల.

రాబోయే శనివారం చర్చి హాల్లో అడవి ఉల్లికాడల విందు. భోజనాలయ్యాక షెల్బీ ఆ కథను మా భాషలో అందరి ముందూ చెప్పాలి. పుట్టుకతో మా భాష వచ్చినవాళ్ళం అయిదుగురం మిగిలాం. కిందటి అక్టోబరు దాకా ఆరుగురం. ఆ శనివారం వచ్చేదాకా నా ఊపిరి నిలబడితే చాలని నేను దేవుడికి రోజూ విన్నవించుకుంటున్నాను.

షెల్బీ చెప్పడం ముగించి కళ్ళు తెరిచింది. నేను లమ్సీ వైపు తిరిగాను.

"ఏం బావా, నిద్రపోయావా?"

"నిద్రెక్కడిది? పడవ కుదుపుకి మెలకువొచ్చేసింది."

మాలో వంశం తల్లి నుంచి వస్తుంది. లమ్సీ మా నాన్న వంశంవాడు, మాకు మేనత్త కొడుకు వరస. ఆ వరసవాళ్ళు మమ్మల్ని ఎంతైనా ఆటపట్టించొచ్చు, మేం కోపం తెచ్చుకోకూడదు. డెబ్భై ఏళ్ళుగా ఆ హక్కును అతను ఒక్క రోజు కూడా వృథా పోనివ్వలేదు. కానీ ఈసారి అతని మొహంలో నవ్వు లేదు.

"ఏ పడవ?" అంది షెల్బీ.

"నేనూ అదే అడుగుతున్నా తల్లీ. ఏ పడవ? మా అమ్మ మహేలా అవ్వ ఇంట్లోనే పెరిగింది, తల్లీతండ్రీ లేని పిల్లని తెచ్చుకుని పెంచారు. మా అమ్మ చెప్పినదాంట్లో పొగ పడవా లేదు, పడవలు గుద్దుకోవడమూ లేదు. బల్లకట్టు మీద దాటారు. నీళ్ళలో ఎవ్వరూ పడలా."

"మీ అమ్మ మర్చిపోయుంటుంది," అన్నాను.

"మా అమ్మా? నాకు మూడేళ్ళప్పుడు నేను పగలగొట్టిన గుడ్లెన్నో చచ్చేదాకా చెప్పింది. ఆవిడ మర్చిపోద్దా?"

లేచి టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"నీది తప్పని నేననట్లేదు ఎల్నోరా. ఊఁ అనలేకపోయాను. అంతే."

అతని బండి వెళ్ళిపోయిన చప్పుడు విన్నాక షెల్బీ నా మొహంలోకి చూసింది. "అవ్వా, ఏది నిజం?"

"ఇంటికెళ్ళు. శుక్రవారం ఉల్లికాడలు బాగుచేయడానికి వస్తావుగా, అప్పుడు చెప్తా."

ఇంటికి వచ్చి చీకటి పడకముందే వంటగదిలో కూర్చుని ఆ కథను మహేలా అవ్వ గొంతుతో వినడానికి ప్రయత్నించాను. నాకు చేతనైన పద్ధతి అదొక్కటే. నడక మొదలైన చోటు వినపడింది. ఆ పదకొండేళ్ళ అక్కకూ ఆమె చెల్లెలికీ ముందు, వాళ్ళ నాన్నను చేతులకు గొలుసు వేసి నడిపించడం వినపడింది. మంచు, కాళ్ళకు కట్టుకున్న గోతాం గుడ్డలు, చెల్లెలికి జ్వరం రావడం, అన్నీ అవ్వ గొంతులోనే వచ్చాయి. పెద్ద ఏరు దగ్గరికి వచ్చారు. అక్క తన దుప్పటి తీసి చెల్లెలికి కప్పింది.

అక్కడ గొంతు ఆగిపోయింది. పడవ మాట అవ్వ గొంతులో రాలేదు. దానికి బదులు నాకు అచ్చు అక్షరాలు కనపడ్డాయి. ఎడమ చేతివైపు పేజీ. కింది మూలన ఎవరిదో వేలిముద్ర అంత కాఫీ మరక.

నన్ను తొమ్మిదో ఏట బడి మాన్పించారు. చదువు మా ఇంటి గోడల మీద నేర్చుకున్నాను. చలిగాలి రాకుండా మా అమ్మ చెక్కల సందుల మీద పాత వార్తాపత్రికలు అతికించేది. వాటిలో ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. తలకిందులుగా అతికించినవి చదవాలని మెడ వంచి వంచి తిట్లు తిన్నాను. పెళ్ళయి పిల్లలు పుట్టాక సపుల్పా లైబ్రరీలో కార్డు తీసుకున్నాను. మావాళ్ళ గురించి ఎవరు ఏం రాసినా ఇంటికి తెచ్చుకునేదాన్ని. మా చెల్లి వైనీమా కాలిఫోర్నియా వెళ్ళిపోయిన అయిదో ఏడు అది. ఇంట్లో నాతో మా భాష మాట్లాడే మనిషి లేదు. పుస్తకాలు తోడయ్యాయి.

ఒక పుస్తకంలో ఉంది. మమ్మల్ని పడమటికి తోలిన ఏళ్ళలో, మా పొరుగు క్రీక్ జనాన్ని కుక్కి ఎక్కించిన ఒక పొగ పడవ పెద్ద ఏటి మీద చీకట్లో ఇంకో పడవను గుద్దుకుని విరిగిపోయింది. మూడు వందలమంది దాకా పోయారు. ఆ పేజీ చదివి నేను స్టవ్ ఆర్పడం కూడా మర్చిపోయాను.

నా పెద్దకూతురు అప్పటికి అయిదేళ్ళది. నేను కథ చెప్పినప్పుడల్లా ఏరు దగ్గర పట్టుకునేది. "దుప్పటి కప్పింది, తరవాతేమైంది? చెల్లెలేది? ఎందుకు వదిలేసింది?" ప్రతిసారీ అదే ప్రశ్న. ఒక రోజు పడవ చెప్పాను. చీకట్లో పడవలు గుద్దుకున్నాయి, చెల్లెలి చెయ్యి అక్క చేతిలోంచి జారిపోయింది అన్నాను. పిల్ల కాసేపు ఏడ్చి నిద్రపోయింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అంత హాయిగా ఉన్న కథను మార్చాలని నాకూ అనిపించలేదు. ఏభై ఏళ్ళు అలాగే చెప్పాను, ఊఁ కొట్టే పెద్దవాళ్ళు లేని చోట, పిల్లలకే. నేను కలిపానన్న సంగతి ఎప్పుడు మర్చిపోయానో నాకే తెలియదు.

అయినా అనుమానం పోలేదు. నా జ్ఞాపకం మీద నాకు నమ్మకం చాలలేదు. అవ్వ ఒళ్ళో నాతోపాటు కూర్చుని ఆ కథ విన్న మనిషి ఈ భూమ్మీద ఇంకొక్కతే ఉంది. ఆ మనిషి నేను లైబ్రరీ కార్డు తీసుకోకముందే ఊరు వదిలి వెళ్ళిపోయింది. నా పుస్తకం ఆమె చెవిన పడలేదు.

మర్నాడు పొద్దున వైనీమాకు ఫోన్ చేశాను. మేం ఏడాదికి రెండు సార్లు మాట్లాడుకుంటాం, క్రిస్మస్‌కీ అమ్మ పోయిన రోజుకీ.

"ఎవరు పోయారు?" అంది ఫోన్ ఎత్తగానే.

"ఎవరూ పోలేదే."

"మరి మార్చిలో చేశావేంటి? నువ్వేనా పోయేది?"

"నోర్ముయ్. మహేలా అవ్వ కథ చెప్పు. పెద్ద ఏరు దాటిన కథ. నీకు గుర్తున్నంత చెప్పు."

"ఇప్పుడా? పొయ్యి మీద బీన్స్ ఉన్నాయక్కా. అయినా నాకు భాష పోయింది. కుక్కని తిట్టడానికి తప్ప రాదు."

"వచ్చిన మాటల్లో చెప్పు. నేను ఊఁ కొడతా."

కుర్చీ లాక్కున్న చప్పుడు వినపడింది. తరవాత ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నడక, గొలుసు, మంచు. గోతాం గుడ్డల దగ్గరికి వచ్చేసరికి ఒక్కో ముక్క మా భాషలోకి వచ్చేసింది. తనకే తెలియకుండా వచ్చినట్టుంది. ఏభై అయిదేళ్ళ కిందట వదిలేసి వెళ్ళిన మాటలు, అవ్వ ఎక్కడ సాగదీసేదో అక్కడే సాగదీస్తోంది. నేను ఊఁ కొడుతున్నాను.

"పెద్ద ఏరు దగ్గరికి వచ్చారు. చెల్లెలు నడవలేకపోయింది. అక్క తన దుప్పటి తీసి చెల్లెలికి కప్పింది."

"ఊఁ."

ఫోన్‌లో ఇంకేమీ వినపడలేదు. లైను తెగిందనుకున్నాను.

"వైనీమా? ఉన్నావా?"

"ఉన్నా. అవ్వ లేచింది కదా."

"ఏంటీ?"

"ఇక్కడ అవ్వ లేచి వెళ్ళి జావ కుండ మూత తీసేది కాదూ? నాలుగు సార్లు తిప్పేది. మూత పెట్టి వచ్చి కూర్చునేది. నేనూ లేచి బీన్స్ కలిపా."

నేను కుర్చీలో వెనక్కి వాలాను.

"తరవాత ఇదీ," అంది వైనీమా. "'ఈ ఒడ్డెక్కారు. నిప్పు వేసుకున్నారు. నిప్పు దగ్గర అక్క ఒక్కతే కూర్చుంది.' అంతేగా?"

"పడవ లేదా?"

"పడవేంటి?"

చెప్పాను. లైబ్రరీ, పుస్తకం, నా కూతురి ప్రశ్న, అంతా చెప్పాను. ఆమె అడ్డు రాకుండా వింది.

"నువ్వూ అడిగావు ఒకసారి," అంది చివరికి. "మర్చిపోయావా? నీకు పదేళ్ళుంటాయి. చెల్లెల్ని ఎందుకు వదిలేసిందని అవ్వ చెయ్యి పట్టుకుని లాగావు. 'మా అవ్వ నాకు చెప్పలేదు. నాకు ఇవ్వనిదాన్ని నేనెట్లా ఇస్తానే' అంది. రెండు రోజులు నువ్వు జావ ముట్టలేదు. నీ వాటా కూడా నేనే తాగా."

అది నాకు గుర్తు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

"పడవలో పోయిందంటే ఎవరూ ఎవర్నీ వదిలినట్టు కాదు," అంది వైనీమా. గొంతు మారింది. "నా గురించి కూడా అట్లాగే చెప్తావటగా. ప్రభుత్వంవాళ్ళు తీసుకెళ్ళిపోయారని. మీ పక్కింటి కుర్రాడు ఇక్కడికొచ్చినప్పుడు అన్నాడు, పాపం మిమ్మల్ని బలవంతంగా పంపించారంట కదా అని. నన్నెవరూ పంపించలా అక్కా. వాళ్ళు ఊరూరా తిరిగి, పట్నంలో పని ఇప్పిస్తామన్నారు. కాగితం మీద సంతకం పెట్టింది నేను. బస్సెక్కింది నేను."

"తెలుసు."

"నువ్వు బస్సు దగ్గరికి రాలేదు."

ఆ రోజు నేను మా పెరట్లో మొక్కజొన్న చాళ్ళ మధ్య కూర్చున్నాను. బస్సు వెళ్ళిపోయే వేళ దాటేదాకా కూర్చుని, తరవాత లోపలికి వెళ్ళి అంట్లు తోమాను.

"బీన్స్ మాడుతున్నాయి," అని వైనీమా ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం పొద్దున చర్చి వంటగదిలో పెద్ద బల్ల మీద ఉల్లికాడలు గుట్టలుగా పోసి ఉన్నాయి. వాగు ఒడ్డుల నుంచి తవ్వి తెచ్చినవి, ఇంకా ఎర్రమట్టి వాసన వస్తున్నాయి. ఒక్కొక్కటీ వేరు కోసి, పై పొర వలిచి, నీళ్ళలో జాడించి పెట్టాలి. ఎంతమంది కూర్చున్నా తెమలని పని. నేనూ షెల్బీ బల్ల చివర్న కూర్చున్నాం. మిగతా ఆడవాళ్ళు స్టవ్‌ల దగ్గర ఉప్పు మాంసం కోస్తూ గోల గోలగా ఉన్నారు.

నేను తల ఎత్తకుండా చెప్పాను. పడవ నాది, లైబ్రరీ పుస్తకంలో చదివి కలిపాను, మహేలా అవ్వది కాదు అని చెప్పాను. దుప్పటి కప్పాక అవ్వ లేచి జావ కలిపేది, ఏమీ చెప్పేది కాదు అని చెప్పాను.

షెల్బీ చేతిలో కత్తి ఆగింది.

"అంటే ఆ చెల్లెలు మునిగిపోలేదా?"

"తెలీదు."

"బతికిందా?"

"తెలీదమ్మా. అవ్వకీ తెలీదు. లేక తెలిసినా ఆవిడకి చెప్పుకునే హక్కు లేదు."

"నేను ఆ పడవ దగ్గరే ఏడ్చానవ్వా. మొదటిసారి మీరు చెప్పినప్పుడు. ఆ పడవ కోసమే నేర్చుకుంటానన్నాను." ఆమె గొంతు చిన్నగానే ఉంది గాని స్టవ్‌ల దగ్గర ఒకరిద్దరు తిరిగి చూశారు. "మీరు నాకు నేర్పినవి ఏడు కథలు. మిగతా ఆరింటిలో ఎన్ని పుస్తకాలున్నాయి?"

ఆ ప్రశ్న నన్ను నేను అడగలేదు. రెండు రోజులు ఈ ఒక్క కథ చుట్టూనే తిరిగాను.

"తెలీదు," అన్నాను మళ్ళీ.

"తెలీదు, తెలీదు, తెలీదు! మరి నేనేం చెప్పాలి రేపు? లేచి నిలబడి తెలీదని చెప్పి కూర్చోనా? మా అమ్మ టల్సాలో పని మానుకుని వస్తోంది. నేను మన భాషలో ఇంతసేపు మాట్లాడటం ఆవిడ ఎప్పుడూ వినలేదు."

"నువ్వు చెప్పకపోయినా..."

"చెప్పకపోయినా ఏంటి? ఇంకెవరున్నారు చెప్పడానికి?"

కత్తి బల్ల మీద పెట్టింది. చేతులు ప్యాంటుకు తుడుచుకుని వెళ్ళిపోయింది. కిటికీలోంచి పికప్ బండి మట్టి రోడ్డు ఎక్కడం చూశాను. చూస్తూనే ఉన్నాను, మలుపు తిరిగినా. ఆమె ముందున్న గుట్ట కూడా నేనే వలిచాను. ఆ పిల్ల ఇక రాదనే అనుకున్నాను. నేను పోయాక మహేలా అవ్వ మాటల్ని ఎత్తుకునే నోరు ఆ పిల్లది తప్ప నాకు ఇంకొకటి కనపడలేదు. అబద్ధం కలిపి ఇచ్చినంత కాలం తీసుకుంది. నిజం చెప్పిన రోజున వెళ్ళిపోయింది.

శనివారం హాలు నిండిపోయింది. గుడ్లు కలిపి వేయించిన ఉల్లికాడలు, బీన్స్, వేయించిన రొట్టెలు, ద్రాక్షరసంలో ఉడికించిన పిండి ముద్దలు. జనం పళ్ళేలు పట్టుకుని గోడ పొడుగునా నిలబడ్డారు. షెల్బీ కనపడలేదు. వాళ్ళమ్మా కనపడలేదు. నేను రెండు ముద్దలు కూడా తినలేకపోయాను.

భోజనాలు సగంలో ఉండగానే లేచాను. కూర్చుంటే మళ్ళీ లేవలేనని భయం వేసింది.

"కూర్చో ఎల్నోరా," అన్నాడు లమ్సీ నోటినిండా రొట్టెతో. "ఇంకా ఉల్లికాడలు అయిపోలా."

"బావా, నువ్వు తిను. చెవులు ఖాళీయేగా."

జనం నవ్వారు. నవ్వు ఆగాక చెప్పాను. ముందు మా భాషలో, తరవాత రానివాళ్ళ కోసం ఇంగ్లీషులో. నేను ఏభై ఏళ్ళుగా మీ పిల్లలకు చెప్పిన కథలో పడవ మా అవ్వది కాదు, పుస్తకంలోది. ఆ చెల్లెలు ఏమైందో మా అవ్వ చెప్పలేదు. ఒకళ్ళు ఇంకొకళ్ళని ఊరికే వదిలి వెళ్ళడం నేను ఓర్చుకోలేకపోయాను, అందుకని పడవను తెచ్చి ముంచాను. మిగతా కథల్లో ఏమేం కలిపానో నాకు తెలియదు. ఈ మాటలు చెప్పి నిలబడ్డాను. ఎక్కడ చూడాలో తెలియక ఎదురుగా ఉన్న కాఫీ పాత్రకేసి చూశాను.

లమ్సీ రొట్టె మింగాడు.

"మా ముత్తాత ఎలుగుబంటితో కుస్తీ పట్టాడు చూడండి," అన్నాడు.

అతని ముత్తాత ఎలుగు కథ తెలియనివాళ్ళు ఆ హాల్లో లేరు.

"ఆ ఎలుగుని నేను సపుల్పా సినిమా హాల్లో చూశా. పన్నెండేళ్ళప్పుడు. మా నాన్న చెప్పినదాంట్లో అది అడవిపంది. అదీ చచ్చి పడున్నది."

హాలంతా ఘొల్లుమంది. అతని మనవడు బల్ల మీద గుద్ది గుద్ది నవ్వాడు. "తాతా, నేను ఆ ఎలుగు బొమ్మ చేతి మీద పచ్చ పొడిపించుకున్నా!" అని చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు.

"ముక్కు కొంచెం సాగదీయించు, పందైపోద్ది."

మూలన కూర్చున్న ఆడీ, మా అయిదుగురిలోనూ పెద్దది, తొంభై దాటిన మనిషి, మాట్లాడటానికి చెయ్యి ఎత్తింది. "మా అవ్వ ఎర్ర గౌను వేసుకుని సైనికుడి ఎదురుగా నిలబడిందంటాను కదా. గౌను రంగు నాకెవరూ చెప్పలేదు. నాకు ఎరుపంటే ఇష్టం."

ఈసారి నవ్వు అంత గట్టిగా రాలేదు. మా వయసువాళ్ళం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. బుధవారం భాష ఇంట్లో అందరం కూర్చుని ఏది ఎవరి నోటి నుంచి వచ్చిందో ఒక్కొక్కటే తేల్చుకుందాం అంది ఆడీ. "తొందరగా పెట్టుకోండి," అని కూడా అంది. "నేను బుధవారం దాకా ఉంటా. ఆ పై బుధవారం సంగతి మాటివ్వను."

అప్పుడు చూశాను. తలుపు పక్కన షెల్బీ నిలబడి ఉంది. పక్కన వాళ్ళమ్మ, పని బట్టల్లోనే. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. షెల్బీ నా వైపు చూడకుండా మధ్యలోకి నడిచి వచ్చింది. లమ్సీ కుర్చీ ముందు ఆగింది.

"తాతా, ఊఁ కొడతావా?"

"కొట్టగలిగినంత వరకూ."

ఆమె కళ్ళు తెరిచే చెప్పింది. నడక, గొలుసు, మంచు. లమ్సీ ఊఁ ఒక్కటీ తప్పలేదు. పెద్ద ఏరు వచ్చింది. చెల్లెలు నడవలేకపోయింది. అక్క తన దుప్పటి తీసి చెల్లెలికి కప్పింది.

షెల్బీ ఆగింది. కలపడానికి ఆమె దగ్గర కుండ లేదు. చేతులు కట్టుకుని ఊరికే నిలబడింది. ఎవరిదో చెంచా పళ్ళేనికి తగిలింది. ఒక చంటిపిల్ల ఏదో అడగబోతే తల్లి వీపు నిమిరింది. నేను కాఫీ పాత్రకేసి చూస్తూ ఆ చెల్లెల్ని ఆ ఒడ్డునే వదిలేసి ఉండటం నేర్చుకుంటున్నాను. అంతసేపు నేను ఎప్పుడూ ఉండలేకపోయాను.

"ఊఁ," అన్నాడు లమ్సీ చాలా మెల్లగా.

"ఈ ఒడ్డెక్కారు. నిప్పు వేసుకున్నారు. నిప్పు దగ్గర అక్క ఒక్కతే కూర్చుంది. ఈ కథ ఆ అక్కది. ఆవిడ మహేలా అవ్వకిచ్చింది. మహేలా అవ్వ ఎల్నోరా అవ్వకీ వైనీమా అవ్వకీ ఇచ్చింది. నేను ఎల్నోరా అవ్వ దగ్గర తీసుకున్నాను."

లమ్సీ లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టబోయాడు. షెల్బీ కదలలేదు.

"ఇంకొకటుంది. ఇది వేరే కథ," అంది. "ఇది అచ్చులో ఉన్నది. నేను నిన్న లైబ్రరీకెళ్ళి ఆ పుస్తకం తీయించి చూశాను. క్రీక్‌వాళ్ళని ఎక్కించిన పడవ ఒకటి పెద్ద ఏట్లో మునిగిపోయింది. అది నిజంగా జరిగింది. మన కథలో వాళ్ళు లేరని చెప్పి వాళ్ళని మళ్ళీ నీళ్ళలో పారేయలేను. వాళ్ళ కథ వాళ్ళకి విడిగా చెప్తాను."

అని మొదలుపెట్టింది. మా భాషలో, నేను నేర్పిన మాటలతోనే. చీకటి, రెండు పడవలు, విరిగిన చెక్కలు. చెయ్యి జారిన చెల్లెలు ఇందులో లేదు. మొదటి మాట చెప్పగానే ఆమె ఆగింది. లమ్సీ వైపు చూసింది. అతను రెండు చేతులూ తిప్పాడు. తెలియని కథకు ఎవరూ ఊఁ కొట్టకూడదు.

ఆ కథ తెలిసినదాన్ని ఆ హాల్లో నేనొక్కదాన్నే. షెల్బీ నా వైపు తిరిగింది. నిన్నటి కోపం ఆమె మొహంలో ఇంకా కొంత ఉంది. అది ఉండనీ అనుకున్నాను.

"ఊఁ," అన్నాను.

ఆమె చివరి మాట దాకా చెప్పింది. చివరి దాకా ఊఁ కొట్టాను.

సోమవారం మధ్యాహ్నం వైనీమాకు మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ఎవరు పోయారని అడగలేదు. ఎలా జరిగిందంది. చెప్పాను. ఎలుగు దగ్గర పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆగకముందే అడిగేశాను, ధైర్యం పోతుందేమోనని.

"ఎందుకెళ్ళావే?"

ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు. నేను వేసుకున్న జవాబుతోనే కాలం గడిపేశాను.

స్టవ్ ఆర్పిన చప్పుడు వినపడింది. తరవాత చెప్పడం మొదలుపెట్టింది. గంట పైనే చెప్పింది. నేను వంటగది కుర్చీలో కూర్చుని ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఊఁ కొట్టాను. అందులో నేను అనుకున్నది ఏదీ లేదు.

"ఇది ఎవరికైనా చెప్పొచ్చా?" అని అడిగాను చివర్న.

"ఆలోచించుకుని చెప్తా," అంది వైనీమా. "ఆదివారం చెయ్యి."